కృష్ణ నీళ్లు, రజిత మాటలు

మొన్న మధ్యాహ్నం మోత్కూరు వైపు నుంచి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. పాతికేళ్లు దాటని పిల్ల. చంకలో మూడేళ్ల ఆడబిడ్డ. రెండు బస్సులు మారి మర్రిగూడలో దిగి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరికి వచ్చి, "అంగన్‌వాడీ సత్తెమ్మ ఇల్లెక్కడ" అని అడుగుతూ మా వాకిట్లో నిలబడింది. నేను ఆ పని మానేసి ఏళ్లు గడిచినా ఊళ్లో నాకు ఆ పేరే మిగిలింది. ఇచ్చిన మంచినీళ్లు తాగక ముందే అడిగింది: "అమ్మా, మీ మన్మరాలికి మాటలు రాకుంటే మీరేదో మందు పెట్టిన్రట గదా. గదేం మందో జర చెప్పున్రి. నా బిడ్డ గూడ గట్లనే ఉన్నది. యాడికి పొమ్మంటే ఆడికి పోత." మందేమీ లేదు బిడ్డా అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. మందు దాచుకుంటున్నానని అనుకున్నట్టుంది. నాకు తెలిసిన దవాఖాన పేరు చెప్పి, ఎవరిని కలవాలో చెప్పి, అన్నం పెట్టి సాయంత్రం బస్సుకు పంపాను. కానీ ఒక పూటలో ఎంతని చెప్పగలం? చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

నేను లెక్కల మనిషిని. సుమారుగా, దాదాపుగా అనే మాటలు నా దగ్గర చెల్లవు. తూకం మిషను ముల్లు సున్నా మీద నిలబడకపోతే బిడ్డను ఎక్కించనిచ్చేదాన్ని కాదు. పుట్టిన తేదీ అడిగితే "కంది పూత మీదున్నప్పుడు" అనే తల్లిని కూర్చోబెట్టి, ఆ ఏడు కంది ఎప్పుడు వేశారో, పురుడు వచ్చింది ఏ వారమో అడిగి అడిగి తేదీ రాబట్టేదాన్ని. అందుకే రజిత సంగతి మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా కొడుకు సైదులు "ఏడాదిల మాటలొచ్చినయి" అంటాడు. రాలేదు. మా కోడలు సుజాత "అయిదేండ్లదాంక నోరు తెరువలే" అంటుంది. తెరిచింది. మూడేళ్లు నిండి నాలుగో నెల నడుస్తుండగా మొదటి మాట అన్నది. ఐదు నిండి బడికి పోయేనాటికి మూడు మాటలు కలిపి చెప్పేది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే అసలు కథ.

రజిత తెలంగాణ వచ్చిన ఏడాది పుట్టింది. అప్పటికి మా ఇంట్లో ఐదుగురం: నేను, గొర్రెలు కాసే మా ఆయన లింగయ్య, సైదులు, సుజాత, ఈ పిల్ల. ఇల్లంతా రెండు వాసనలుండేవి. ముందు వాకిట్లో పొద్దున్నే జొన్నరొట్టె కాలే వాసన, వెనక దొడ్డిలో తడిసిన గొంగడి, గొర్రె పెంట కలిసిన వాసన. దొడ్డిలో కంపతో అల్లిన కంచె ఒకటి, దానికి తడిక తలుపు. పగలు పెద్ద గొర్రెలు మేతకు పోతే గొర్రెపిల్లలు ఆ కంచెలో ఉండేవి. పొద్దుగూకే వేళ మంద ఊరి మొగదలకు రాగానే తల్లులు ఒకటే అరుపు, లోపల పిల్లలు ఒకటే అరుపు. మా ఆయన తడికను ఒక్కసారిగా తీసేవాడు కాదు. మోకాలు అడ్డం పెట్టి ఒక్కో పిల్లను వదిలి, అది తన తల్లి పొదుగు కిందికి చేరిందని చూశాకనే ఇంకోదాన్ని వదిలేవాడు. అన్నీ ఒకేసారి వదిలితే బలమున్న పిల్ల రెండు తల్లుల పాలు తాగుతుంది, బక్కది ఆకలికి పడుకుంటుంది. ఆ సమయానికి రజిత ఇంట్లో ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి తాత పక్కన నిలబడేది. మంద ఇంకా మలుపు తిరగక ముందే, మాకు వినబడక ముందే, దానికి వినబడేది. చెవులు అంత మంచివి.

నోటి నుంచి మాత్రం "ఊఁ" తప్ప ఏమీ లేదు. రెండేళ్లు నిండినా అంతే. కావలసిన దానివైపు వేలు చూపేది, మేము ఇచ్చేవాళ్లం. ఊరంతటి పిల్లలను తూకం వేసిన నాకు రజిత బరువు సరిగ్గా ఉండటం చూసి ధైర్యంగా ఉండేది. తూకం ముల్లు మాటను చూపదన్నది అప్పుడు తోచలేదు.

ఎవరినడిగినా ఒకటే జవాబు: నీళ్లు. మా మర్రిగూడ వైపు ఏది వంకరపోయినా నీళ్ల మీదికే పోతుంది. ఇది తెలివితక్కువతనం కాదు. ఫ్లోరైడ్ కలిసిన మా బోరు నీళ్లు మా వాళ్ల పళ్లకు పసుపు చారలు వేశాయి, మోకాళ్లు బిగించాయి. మా అత్త చివరి రోజుల్లో నడుము వంగి నేలను చూస్తూనే నడిచింది. ఎదుటి మనిషిని పాదాలు చూసి గుర్తుపట్టేది. అట్లాంటి నీళ్లు ఎముకను వంచగలిగినప్పుడు నాలుకను బిగించలేవా అని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. సైదులు రోజూ మంచినీళ్ల ప్లాంటు నుంచి డబ్బా నీళ్లు మోసుకొచ్చేవాడు. పిల్లకు వేరే కుండ, వేరే గిన్నె, ఆ నీళ్లతోనే అన్నం. "కృష్ణ నీళ్లు రానీయి టీచరమ్మా, పిల్ల నాలుక తిరుగుతది సూడు" అని పక్కింటి యాదమ్మ రోజూ అనేది. కృష్ణా నది నీళ్లు తెచ్చి ఇంటింటికీ నల్లా వేస్తామని అప్పటికే గుంతలు తవ్వుతున్నారు. ఆ పైపులు మా వాకిలి దాకా వచ్చే రోజు కోసం రజిత మాటలను కూడా ఆ గుంతల్లోనే పెట్టి కాచుకున్నాం.

ఆ రోజు రానే వచ్చింది. నల్లాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. తిప్పగానే ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రటి నీళ్లు, తర్వాత తేట నీళ్లు. యాదమ్మ చెంబు ఎత్తుకుని, "ముందు పిల్లకు తాపున్రి, పిల్లకు!" అని అరిచింది. సుజాత కొత్త స్టీలు గ్లాసు నిండా పట్టి రజిత చేతికిచ్చింది. వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. గొంతులోకి నీళ్లు దిగుతుంటే అందరి కళ్లు ఆ చిన్న గొంతు మీదే. పిల్ల చివరి చుక్క దాకా తాగింది. మూతి తుడుచుకుంది. అందరివైపూ ఒకసారి చూసి, ఖాళీ గ్లాసు ముందుకు చాపింది, ఇంకా కావాలని. యాదమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి నలుగురు నవ్వారు. సుజాత మాత్రం లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నీళ్లు రావడం మా ఊరికి పండుగ. మా ఇంట్లో ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు.

భయం ఆ తర్వాతే మొదలైంది. మా ఊళ్లో పేరు ఒకసారి అంటుకుంటే పోదు. కాలు కాస్త ఎగరేస్తే కుంటోడు, చూపు తగ్గితే గుడ్డిది, చచ్చేదాకా అదే. గల్లీ పిల్లలు రజితను "మూగీ" అని పిలవడం మొదలుపెట్టారు. పిల్లలే కాదు, కల్లు తాగొచ్చిన ఒక పెద్దమనిషి కూడా వాకిట్లో నిలబడి, "సైదులూ, నీ మూగదాన్ని పట్నంల మూగ పిల్లల హాస్టల్ల ఏస్తే ఫికరుండదు" అన్నాడు. సైదులు కొట్లాడతాడనుకున్నాను. కొట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర, "ఆయన చెప్పింది గూడ నిజమేనేమో అమ్మా, ఈడ దాన్ని ఎవలు సదివిస్తరు" అన్నాడు. చెవులు ఇంత మంచిగా వినబడే పిల్లను వినబడని పిల్లల మధ్య పెట్టాలా? తండ్రి నోటితోనే ఆ మాట వచ్చిందంటే నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. రజిత మా ఊరి బడిలోకి తన పేరుతో పోవాలి, మూగి అన్న పేరుతో కాదు. అది ఒక్కటే పట్టుకున్నాను. మర్నాడే సుజాతను, పిల్లను వెంటబెట్టుకుని నల్లగొండ బస్సెక్కాను.

జిల్లా దవాఖానలో చిన్న పిల్లల కోసం ఒక గది ఉండేది. గోడలకు బొమ్మలు, నేల మీద చాప. అక్కడ నస్రీన్ అనే అమ్మాయి కూర్చునేది. మహబూబ్‌నగర్ పిల్ల, మాట నేర్పడమే ఆమె చదివిన చదువు. మా సుజాత పుట్టిల్లు ఆ వైపు కొత్తకోటే కాబట్టి వాళ్లిద్దరికీ మాట కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు చెవుల పరీక్ష చేయించింది. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నది. తర్వాత పిల్లను చాప మీద కూర్చోబెట్టి, మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఒక బంతి పెట్టి ముందుంచింది. రజిత డబ్బా తిప్పింది, లాగింది, మా వైపు చూసింది. అంతే. నేను, సుజాత ఇద్దరం ఒకేసారి చేయి చాపాం. "బంతి గావాల్నా? తీయాల్నా? ఇగో తీస్త, అను, బంతి అను, బంతి" అని ఇద్దరం ఒకేసారి అందుకున్నాం. నస్రీన్ నవ్వింది.

"జర ఆగున్రమ్మా. ఇద్దరు కలిసి ఎన్ని మాటలన్నరో సూసిన్రా? పిల్లకు సందేది?"

"అంటే మేమే చేసుకున్నమా మేడం గిదంతా?" అని సుజాత కళ్లనీళ్లు పెట్టుకుంది.

"లేదు సుజాతా, మీరు చేసింది గాదు. నీళ్లు చేసింది గూడ గాదు. కొందరు పిల్లలకు మాట లోపట తయారైతది, నోటికాడికొచ్చేసరికి దారి దొరకది. వాళ్లకు టైం ఎక్కువ గావాలె. మీరు ఒక్క చిన్న మాటనున్రి. దాని మొఖం ముంగట మొఖం పెట్టున్రి. అన్నంక ఊకోన్రి. అను, అను అని గుంజకున్రి. అది ఏ సప్పుడు చేసినా మాటనే అనుకోన్రి. ఏడిపియ్యకున్రి, కొద్దిసేపు సూసి ఇచ్చేయున్రి."

"ఎన్ని రోజులకొస్తది?" అని అడిగాను.

"నేను చెప్పలేనమ్మా."

"సుమారుగ?" అన్నాను. నా జీవితంలో ఆ మాట నేనే అడగడం అదొక్కసారే. నస్రీన్ తల అడ్డంగా ఊపింది. "మీ ఇంట్ల అది అన్నిటికంటె ఎక్కువ ఇష్టపడే పని ఏంది? ఆడ మొదలువెట్టున్రి" అన్నది.

చెప్పడానికి సులువే. మా ఇంట్లో ఊరుకోవడం ఎవరికి చేతనవును? మాది వాకిట్లో ఉన్నవాళ్లు దొడ్డిలో ఉన్నవాళ్లతో మాట్లాడే ఇల్లు. ఒక మాట అని నోరు మూసుకుని పిల్ల మొహం చూస్తూ కూర్చోవడం మొదటి రెండు రోజులు శిక్షలాగా ఉండేది. గోడ మీది నుంచి యాదమ్మ తొంగిచూసి, "ఏందే సుజాతా, అత్తాకోడండ్లకు మాటల్లేవా? కొట్లాడుకున్నరా?" అని గుసగుసగా అడిగింది. కొట్లాడలేదు పిన్నీ, పిల్లకు మాటలు నేర్పుతున్నం అని సుజాత అంటే, "మాట్లాడకుండ మాటలు నేర్పుతరా! గీ దవాఖానోల్లు మిమ్ములను గూడ మూగోల్లను జేస్తరు" అని నవ్వుకుంటూ పోయింది. ఊళ్లో రెండు రోజులు అదే ముచ్చట.

ఆ పని తేలిగ్గా వచ్చింది ఒక్క మా ఆయనకే. పగలంతా గుట్టల్లో గొర్రెల వెంట ఉండే మనిషికి ఊరుకోవడం ఒక కష్టమా? నస్రీన్ అడిగిన ప్రశ్న ఆయనకు చెబితే గొంగడి దులుపుతూ, "దానికేం ఇష్టమో మీకు తెల్వదా? గొర్రె పిల్లలను ఇడిసేది ఇష్టం" అన్నాడు. ఆ సాయంత్రం నుంచి తడిక తీసే ముందు కిందికి వంగి, రజిత మొహంలో మొహం పెట్టి "ఇడువు" అనేవాడు. అని ఊరుకునేవాడు. తల్లులు బయట అరుస్తున్నా, పిల్లలు లోపల తడికను తలలతో కుమ్ముతున్నా, ఆయన చేయి కదిలేది కాదు. కొద్దిసేపు చూసి, ఒక పిల్లను వదిలేవాడు. మళ్లీ "ఇడువు". మళ్లీ ఊరుకోవడం. నేను వెనక నిలబడి పళ్లు బిగపట్టేదాన్ని. ఒకరోజు ఆగలేక "అనవే రజితా" అని నోరు జారితే, వెనక్కి తిరగకుండానే, "నువు లోపటికి పో" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన నన్ను లోపలికి పొమ్మనడం అదే మొదలు. పోయాను.

కంది కోతలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. రజిత తాత మొహం చూసేది, పెదవులు కదిపేది, చప్పుడు రాదు. సుజాత చేతిలోని చాట పక్కనపెట్టి రోజూ ఆ వేళకు దొడ్డి గుమ్మంలో నిలబడేది. ఒక సాయంత్రం, మచ్చలున్న తెల్ల పిల్ల తడిక సందులోంచి మూతి బయటపెట్టి అరుస్తోంది. మా ఆయన "ఇడువు" అన్నాడు, ఊరుకున్నాడు. రజిత ఆ పిల్లను చూసింది, తాతను చూసింది. గడ్డం ముందుకు వచ్చింది, మెడ నరం బిగిసింది, కింది పెదవి వణికింది. "ఇ..." అన్నది. ఆయన కదలలేదు. ఆ చప్పుడును లెక్కచేయక కాదు. ఇంకా ఉందని ఆయనకు కనబడింది. రజిత ఊపిరి తీసుకుని, "ఇదు" అన్నది. తడిక లేచింది. తెల్ల పిల్ల బాణంలా పోయి తల్లి కింద దూరింది. రజిత చేతులు రెండూ పైకెత్తి ఎగిరింది. తాను ఒక మాట అంటే లోకంలో ఒకటి కదులుతుందని ఆ పిల్లకు ఆ క్షణంలో తెలిసింది. తర్వాత పిల్లకు "ఇదు", ఆ తర్వాత పిల్లకు "ఇదు". ఆ రోజు మా ఆయన గొర్రెపిల్లలన్నీ రజిత మాట మీదే పాలు తాగాయి. సుజాత గుమ్మంలో కూలబడి ఏడుస్తూ నవ్వింది. మా ఆయన తడికను గట్టిగా కట్టి, ఏమీ జరగనట్టు కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. మొహం మాత్రం చాలాసేపు కడుక్కున్నాడు.

అక్కడి నుంచి అంతా సాఫీగా నడవలేదు. ఒక మాట వచ్చాక రెండో మాటకు నెలలు పట్టింది. నస్రీన్ దగ్గరికి వారానికోసారి బస్సు. సైదులు ఆటో నడిపే మనిషి కాబట్టి, బస్సు దాకా దించమంటే మొదట "బేరం పోతది" అని గొణిగేవాడు. "ఇదు" విన్న మర్నాటి నుంచి హాస్టలు మాట మళ్లీ ఎత్తలేదు, ఆటోలో తానే దించి తానే తెచ్చేవాడు. "నీళ్లు" రావడానికి ముందు "నీ" వచ్చింది. "అవ్వ" అని నన్ను పిలిచిన రోజు నేను పలకకుండా మూడుసార్లు పిలిపించుకున్నాను. నస్రీన్‌కు చెబితే, అట్ల పరీక్ష పెట్టొద్దమ్మా అని మందలించింది. మందలిస్తే మందలించింది. గల్లీ పిల్లలు దాని మాట వెక్కిరిస్తే మా యాదమ్మే చీపురు పట్టుకుని తరిమేది. "మీ నోట్ల ముత్యాలు రాలుతున్నయారా?" అని అరిచేది.

ఇప్పటి రోజులను చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చి బిడ్డ చూస్తోందా, వింటోందా, పలుకుతోందా అని అడుగుతున్నారు. నా కాలంలో నేను తూకం, ఎత్తు, అన్నం అడిగి రాసుకునేదాన్ని. రోగం వచ్చి ఊళ్లన్నీ తలుపులు మూసుకున్న ఏడాది, నస్రీన్ ఫోన్లో బొమ్మ కనబడేటట్టు మాట్లాడి రజితకు పాఠం చెప్పింది. సిగ్నలు కోసం పిల్లను డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చోబెట్టేవాళ్లం. ఇప్పుడు రజిత ఆరో తరగతి. పెద్ద మాట వస్తే ఇంకా ఒక క్షణం ఆగుతుంది, లోపల దాన్ని సర్దుకుని బయటికి తెస్తుంది. తొందరపడి మధ్యలో అందిస్తే, "నేనే చెప్త" అని కోప్పడుతుంది. నల్లా నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. నీళ్లు చేయాల్సిన పని నీళ్లు చేశాయి. మాటల పని మనుషులు చేయాల్సి వచ్చింది. మా ఆయన మోకాళ్లు బిగిసి మంద అమ్మేశాడు. పొద్దుగూకే వేళ ఆ అరుపులు లేక దొడ్డి బోసిగా ఉంటుంది. నాకు అది తప్ప ఆ కాలంలో తిరిగి కావాలనిపించేది ఏదీ లేదు.

కానీ గెలిచామని నాకు నమ్మకం కుదిరిన రోజు ఏదని అడిగితే, బడిలో చేర్పించిన రోజు చెబుతాను. ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచారు. వరండాలో బల్ల, వెనక కొత్త హెడ్మాస్టరు. ఊరికి కొత్త, కాబట్టి మా పిల్ల సంగతి ఆయనకు తెలియదు. వరసలో ముందున్న ఒకామె వెనక్కి తిరిగి చూసి, "మూగి గూడ వచ్చిందా" అన్నది. సుజాత పిల్ల తల మీద చేయి వేసింది. మా వంతు వచ్చింది. ఆయన తల ఎత్తకుండానే "పాప పేరు?" అన్నాడు.

నా నోటి దాకా వచ్చింది. మింగేశాను. సుజాత చీర కొంగు నోట్లో పెట్టుకుంది. సైదులు పైకప్పు చూశాడు. ఎవరూ పలకకపోతే ఆయన తల ఎత్తాడు, మమ్మల్ని చూశాడు, మా చూపు ఎటుందో చూసి తానూ పిల్లను చూశాడు.

"రయిత" అన్నది రజిత.

"రజితనా?"

తల ఊపింది.

"నాయిన పేరేంది బిడ్డా?"

"తైదులు."

హెడ్మాస్టరు రాసుకున్నాడు, ముద్ర వేశాడు, "ఆఁ, తర్వాత ఎవరు" అన్నాడు. రజిత కదలలేదు. బల్ల అంచు ఒక చేత్తో పట్టుకుని, గడ్డం ముందుకు తెచ్చి, ఆయన్ను అడిగింది:

"నీ పేలేంది?"

సైదులు "అయ్యో, సారును గట్ల అనొద్దు" అనబోతే అతని మోచేయి గిచ్చాను. హెడ్మాస్టరు అప్పటికే తర్వాతి కాగితం అందుకున్నాడు. రజిత ఆయన మొహం మీంచి కళ్లు తీయలేదు. మళ్లీ అడగలేదు, గుంజలేదు. అడిగాక ఎదుటివాళ్లకు టైం ఇవ్వాలని దానికి తెలుసు. ఆయన చేతిలోని కాగితం కింద పెట్టాడు, కళ్లజోడు తీశాడు, ముందుకు వంగి తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పాడు.

రజిత సరేనన్నట్టు తల ఊపి, నా వేలు వదిలేసి, ఒక్కతే ఒకటో తరగతి గదిలోకి నడిచింది.